చివరి అంకె చెప్పే సంగతి

"అన్నా, నేనేం ముట్టుకోలేదు. సర్వర్ రీబూట్ చేశానంతే, బిల్లింగ్ ప్రోగ్రాం లేవడం లేదు." లినక్స్ సర్వర్లు చూసుకునేవాళ్లకు ఇలాంటి ఫోన్లు మామూలే. తెర మీద ఏముందంటే "ఏదో లైబ్రరీ దొరకలేదంటోంది" అంటాడు కుర్రాడు. ఆ 'ఏదో' అన్నదాన్ని అక్షరం వదలకుండా చదివిస్తాను: లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ డాట్ ఎస్‌ఓ డాట్ 1.1. జబ్బేమిటో ఆ చివరి అంకెలోనే సగం తెలిసిపోతుంది.

నెట్‌లో గుట్టుగా మాట్లాడే విద్యను ప్రతి ప్రోగ్రామూ సొంతంగా రాసుకోదు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లాంటి ఉమ్మడి లైబ్రరీని అడుగుతుంది. ఒక్కచోట లోపం సరిచేస్తే వాడుకునేవాళ్లందరికీ మేలు. చివరి అంకె ఆ లైబ్రరీ ఇచ్చిన మాట: అది మారనంతవరకూ పాత ఒప్పందం చెల్లుతుంది. 2022 ఏప్రిల్‌లో వచ్చిన ఉబుంటు 22.04లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1 పోయి 3.0 వచ్చింది. ఉబుంటు తన ప్యాకేజీలను కొత్తదానికి తగ్గట్టు మళ్లీ కంపైల్ చేసి ఇచ్చింది. మనం బయటినుంచి తెచ్చి, టార్ ఫైలు విప్పి పెట్టుకున్నవి మాత్రం పాత అంకెనే అడుగుతూ ఉండిపోయాయి. వాటి ఉనికే ప్యాకేజీలు చూసుకునే ఆప్ట్‌కి తెలియదు. అందుకే ఆటోరిమూవ్ కొట్టినప్పుడు, ఎవరికీ అక్కర్లేదనుకుని పాత లైబ్రరీని తీసేస్తుంది.

ఈ ఎర్రర్‌కి ఒక చిత్రమైన గుణం ఉంది. నడుస్తున్న ప్రోగ్రాం లైబ్రరీని అప్పటికే మెమరీలోకి తెచ్చుకుని ఉంటుంది. డిస్క్ మీద ఫైలు పోయినా దానికి పట్టదు. ఎప్పుడో రీబూట్ చేసిన రోజున బయటపడుతుంది. పాపం, ఆ రోజు డ్యూటీలో ఉన్నవాడి మీద పడుతుంది నింద. ప్రోగ్రాం లాగ్ వెతికితే ఏమీ ఉండదు. దాని మొదటి లైను నడవకముందే, లైబ్రరీలు తెచ్చిపెట్టే లోడర్ ఆపేసింది మరి. చూడాల్సింది ఆప్ట్ హిస్టరీ లాగ్. ఏ తేదీన ఏది పోయిందో అక్కడ ఉంటుంది.

తొందరలో చాలామంది చేసేది, కొత్త లైబ్రరీకి పాత పేరుతో సిమ్‌లింక్ పెట్టడం. తలుపు మీద పాత పేరు బోర్డు తగిలిస్తే ఖాళీ చేసి వెళ్లిన మనిషి తిరిగొస్తాడా? ఫైలు దొరుకుతుంది, దాంట్లో కావలసిన వెర్షన్ దొరకలేదని మరో ఎర్రర్ వస్తుంది. అలా ఆగిపోవడమే నయం. ఒప్పందాన్ని అంత గట్టిగా తనిఖీ చేయని లైబ్రరీలైతే ప్రోగ్రాం లేచి, పని మధ్యలో కూలుతుంది.

నేను ముందు ఎల్‌డీడీతో ఏవేవి దొరకడం లేదో జాబితా తీస్తాను. నమ్మకం లేని ఫైలైతే ఎల్‌డీడీ వాడను, అది ఆ ప్రోగ్రాంనే నడిపించే ప్రమాదం ఉంది, రీడెల్ఫ్‌తో చూస్తాను. లైబ్రరీ డిస్క్ మీదే ఉండి లోడర్‌కి దారి తెలియకపోతే, ఆ డైరెక్టరీని లోడర్ కాన్ఫిగ్‌లో రాసి ఎల్‌డీకాన్ఫిగ్ నడిపితే చాలు. ప్యాకేజీయే లేకపోతే ఆప్ట్-ఫైల్, ఫెడోరాలో డీఎన్ఎఫ్ ప్రొవైడ్స్ దాని పేరు చెబుతాయి. డిస్ట్రో దాన్ని పూర్తిగా వదిలేసి ఉంటేనే అసలు చిక్కు. పాత రిలీజ్ నుంచి డెబ్ ఫైలు తెచ్చి వేస్తే ప్రోగ్రాం లేస్తుంది, ఫోన్లూ ఆగుతాయి. కానీ 1.1.1కి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వాళ్లిచ్చే ఉచిత మరమ్మతులు 2023 సెప్టెంబర్‌లోనే ఆగిపోయాయి. అందుకే అది రాత్రి గడవడానికే పనికొస్తుంది. మర్నాడు ఆ ప్రోగ్రాం కొత్త వెర్షన్ కోసం దాన్ని రాసినవాళ్ల వెంటపడాల్సిందే.

అప్‌డేట్ చేసినవాళ్లే ఆ పూటే సర్వీసులన్నీ రీస్టార్ట్ చేసి చూడాలని మా దగ్గర నియమం పెట్టాను. దానివల్ల ఎర్రర్లు తగ్గవు. కాకపోతే ఏం మార్చామో గుర్తున్న మనిషి ముందే అవి పడతాయి.