నిచ్చెన ఎక్కే నాదం

మినీమూగ్ అనే సింథసైజర్ ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. రెండు మీటలు కలిపి నొక్కితే కింది స్వరానిదే పైచేయి, రెండోది నోరు మెదపదు. మొత్తం 44 మీటలు. వాటి వెనక చెక్క చట్రంలో వాలుగా లేపి నిలబెట్టే పలక, దాని నిండా నాబ్‌లు. అంతకుముందు మూగ్ సింథసైజర్ అంటే గోడకు ఆనించిన అల్మారా, దాని ముఖం మీద తీగల చిక్కు. 1970లో న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రూమన్స్‌బర్గ్ అనే చిన్న ఊళ్ళో రాబర్ట్ మూగ్ బృందం ఆ తీగలను లోపలే కలిపేసి, చేత్తో మోసుకుపోగల పెట్టెగా చేసింది. మొదటి నమూనా కట్టినవాడు బిల్ హెమ్‌సాత్ అనే ఇంజనీరు.

పలకను ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పోతే చాలు, శబ్దం నడిచే దారి తెలిసిపోతుంది. ముందు శబ్దం పుట్టించే మూడు ఆసిలేటర్లు. రంపపు పళ్ళలాంటి తరంగం తీసుకోండి. 110 హెర్ట్జ్ స్వరం నొక్కితే 220, 330, 440... ఇలా అనుస్వరాలన్నీ వెంట వస్తాయి. రెండోది సగం బలంతో, మూడోది మూడో వంతుతో. విడిగా వింటే కందిరీగ గోలే. ఒక ఆసిలేటర్ శ్రుతిని వెంట్రుకవాసి తప్పించండి, రెండు నాదాలూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ అలలా ఊగుతాయి. ఆ లావుపాటి గొంతు అలా వచ్చిందే.

ఇక ఫిల్టర్. నా మటుకు నాకు పెట్టె మొత్తానికీ ప్రాణం ఇదే. ట్రాన్సిస్టర్లు జంటలు జంటలుగా ఒకదాని మీద ఒకటి, ప్రతి అంతస్తులో రెండింటి మధ్య ఒక కెపాసిటర్. సర్క్యూట్ బొమ్మ చూస్తే అచ్చం నిచ్చెన, పేరూ అదే. శబ్దం అడుగున ఎక్కి పైన దిగుతుంది. మనం పెట్టిన హద్దుకు బాగా పైనున్న అనుస్వరాలకు, ఒక్కో స్థాయి పెరిగేకొద్దీ ఒక్కో మెట్టూ బలాన్ని సగం చేస్తుంది. నాలుగు మెట్లు కలిసి పదహారో వంతు చేస్తాయి. శిల్పి ఉలిలా ఇది అక్కర్లేనిది చెక్కేస్తుంది. 'ఎంఫసిస్' నాబ్ తిప్పితే హద్దు దగ్గరి అనుస్వరం ముక్కుతో పలికినట్టు పొడుచుకొస్తుంది. ఇంకా తిప్పితే ఫిల్టరే ఈల వేస్తుంది.

హద్దును కదిపే పని ఎన్వలప్‌ది. మీట నొక్కగానే హద్దు చటుక్కున లేచి జారితే తీగ మీటినట్టు, నిదానంగా లేస్తే ఊదినట్టు. 1977లో పార్లమెంట్ అనే సంగీత బృందం 'ఫ్లాష్ లైట్' పాటలో ఈ పెట్టె మీద బెర్నీ వోరెల్ వాయించిన బేస్ విన్నవాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఎడమచేతి దగ్గర రెండు చక్రాలు. ఒకటి శ్రుతిని వంచడానికి, ఇంకొకటి ఊపడానికి. గమకం పలకదన్న ఫిర్యాదుతో ఆకాశవాణి 1940 నుంచి మూడు దశాబ్దాలు హార్మోనియాన్ని గడప తొక్కనివ్వలేదు. మీటల వాద్యానికి ఆ లోటు తీర్చింది శ్రుతిని వంచే ఈ చక్రమే. దానికి తోడు 'గ్లైడ్' నాబ్ ఒకటి, స్వరం నుంచి స్వరానికి జారు కోసం. వీణ విన్న చెవికి ఆ జారు కాస్త యాంత్రికంగా తోస్తుంది. చక్రం మీది బొటనవేలిది వేరే సంగతి, అందులో మనిషి వినిపిస్తాడు.

వాయించేవాళ్ళు కనిపెట్టిన చిట్కా ఒకటుంది. హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి ఒక తీగ తీసి, బయటి శబ్దాల కోసం పెట్టిన రంధ్రంలో గుచ్చుతారు. పెట్టె తన గొంతును తనే మింగి, మళ్ళీ నిచ్చెన ఎక్కిస్తుంది. నాదం చిక్కబడి, గరగరలాడి, ఉరుముతుంది. ఓవర్‌లోడ్ దీపం వెలుగుతుంది. అది చూసి ఎవరూ వాల్యూమ్ తగ్గించరు.