తేలినీలాపురం పక్షులు: ఆలస్యమన్న మాటలో నిజమెంత?

శ్రీకాకుళం జిల్లాలో టెక్కలికి చేరువగా, నౌపడ ఉప్పుమళ్ళకు సమీపాన తేలినీలాపురమనే గ్రామం ఉన్నది. సెప్టెంబరు నెల వచ్చేసరికి ఆ ఊరి చింతచెట్ల మీద రెండు జాతుల పెద్ద పక్షులు వచ్చి వాలుతవి. ఒకటి గూడబాతు; దీనినే పెలికాన్ అంటారు. పొడవైన ముక్కు, దాని కింద వేలాడే సంచి, ముక్కు అంచు వెంబడి వరుసగా చుక్కలు దీని గుర్తులు. రెండవది ఎర్రకాళ్ళ కొంగ. దీని ముక్కు పసుపు పచ్చన, తోక దగ్గరి రెక్క ఈకలు గులాబి వన్నె. అక్టోబరు నుండి ఇవి పుల్లలు మోసి, గూళ్ళు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లలను సాకి, మార్చి ఏప్రిల్ నెలలలో వెళ్ళిపోతవి.

ఏటా ఈ కాలంలో వీటిని గురించి వార్తలు వస్తవి. బడిపిల్లలు వ్యాసాలు రాస్తారు. ఆ రాతలలో రెండు మాటలు మాటిమాటికి కనబడతవి. ఇవి సైబీరియా నుండి వేల మైళ్ళు ఎగిరి వచ్చిన విదేశీ అతిథులన్నది మొదటి మాట. పక్షులు గూడు కట్టవలసిన కాలం వసంతమైతే, ఇవి కాలం తప్పి, ఆలస్యంగా, చలికాలంలో గూడు కడతవన్నది రెండవది. మొదటి మాట పూర్తిగా తప్పు. రెండవ దానిలో కొంత తప్పున్నది, కొంత పరిశీలించదగినదీ ఉన్నది. ఎక్కువ శ్రద్ధ చూపవలసింది దానిమీదనే.

సైబీరియా సంగతి త్వరగా తేల్చవచ్చు. ఉత్తరదేశాల వలస పక్షి తన వేసవి నివాసంలో గూడు కడుతుంది. అక్కడ వేసవిలో పగలు చాలా దీర్ఘం, పిల్లలకు మేత సమృద్ధి. మంచు పడే కాలానికి అది దక్షిణానికి వచ్చేది పొట్టకోసమే గాని పిల్లలను కనడానికి కాదు. నౌపడ చిత్తడిలో శీతకాలాన కనబడే ఉల్లంకులలో, బాతులలో అనేకం అట్టివే. వాటి గూడు ఈ జిల్లాలో ఎవరికీ కనబడదు. చింతకొమ్మ మీద గూడు కట్టి గుడ్డు పొదిగే పక్షి ఇక్కడిదే అనడానికి ఆ గూడే సాక్ష్యం. చుక్కల ముక్కు గూడబాతు భారతదేశం, శ్రీలంక, కంబోడియా వంటి దేశాలలో గూడు కట్టే జాతి. ఎర్రకాళ్ళ కొంగ కూడా దక్షిణాసియా, ఆగ్నేయాసియాలకు చెందినదే. పిల్లలు రెక్కలు వచ్చి ఎగిరిన పిదప ఇవి చెరువులను, చిత్తడి నేలలను వెతుక్కుంటూ చెదరిపోతవి. అంతకు మించి సముద్రాలు, ఖండాలు దాటవలసిన పని వీటికి లేదు. ఒకే నెలలలో, ఒకే తీరాన రెండు రకాల పక్షులూ కనబడుటే ఈ పొరపాటుకు మూలం కావచ్చు.

ఇది ఒట్టి పేరు తగాదా అనుకోరాదు. అతిథి అన్నప్పుడు అసలు ఇల్లు మరెక్కడో ఉన్నదని వినేవాడు ఊరట పడతాడు. ఇంట పుట్టిన బిడ్డను చుట్టమని పిలిచినట్లున్నది ఈ వాడుక. ఇక్కడి చెట్టు పడిపోతే, ఇక్కడి చెరువులో చేప తరిగిపోతే, ఆ జాతి బిడ్డలు పుట్టే చోటే పోతుంది.

ఇక ఆలస్యమన్న మాట. ఆలస్యమంటే దేనికంటె ఆలస్యం? పక్షుల గూళ్ళకు వసంతమే కాలమన్న నియమం మంచు కురిసే దేశాల పుస్తకాల నుండి పాఠాలలోకి వచ్చినది. ఇంగ్లండులో చలికాలం గడిచి, ఆకు చిగిర్చి, పురుగు పుట్టినప్పుడు చిన్న పక్షులు గూడు కడతవి. అక్కడ అది నిజం. ఇక్కడ కోకిల కూతను వసంతంతో ముడిపెట్టిన కవులు ఆ నియమానికి మరింత బలం చేకూర్చినారు. గూడే కట్టని కోకిలను గూళ్ళ ఋతువుకు సాక్షిగా పిలవడం కొంచెం విచిత్రమే. ఆ కోకిల గుడ్డు పెట్టే కాకిగూడు మాత్రం ఎండాకాలపుది.

జిల్లా దాటకుండానే ఈ నియమాన్ని పరీక్షించవచ్చు. ఇచ్ఛాపురం మండలంలో తేలుకుంచి అనే ఊరున్నది. అక్కడికి నత్తగుల్ల కొంగలు నైరుతి ఋతుపవనంతో పాటు జూన్ నెలలో వస్తవి. వాటి రాకను వానల రాకగా ఊరివారు ఎంచుతారు. వానకాలమంతా ఊరి చెట్ల మీద పిల్లలను పెంచి, శీతకాలం మొదలయ్యేసరికి అవి లేచిపోతవి. ఈ కొంగ రెండు ముక్కు దవడల మధ్య సందు ఉంటుంది. నత్తను పట్టి లోపలి మాంసాన్ని తీయడంలో దానికి సాటి లేదు. వరిమళ్ళలో నీరు నిలిచినప్పుడే నత్తలు పుష్కలం. ఉద్దానం తాటిచెట్లకు వేలాడే గిజిగాని గూళ్ళు కూడా వానకాలపువే. అల్లికకు పచ్చి గడ్డి పోగులు, పిల్లలకు పురుగులు అప్పుడు దొరుకుతవి. ఒకే తీరం, ఒకే ఎండ, ఒకే వాన. కాకి ఎండాకాలంలో, నత్తగుల్ల కొంగా గిజిగాడూ వానలో, గూడబాతు శీతకాలంలో. వీటిలో సకాలం ఎవరిది, ఆలస్యం ఎవరిది?

ఈ ప్రశ్నకు శాస్త్రజ్ఞుల సమాధానం పాఠ్యపుస్తకాలలో ఎక్కువగా చోటు చేసుకోలేదు. 1938లో జాన్ బేకర్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు గూళ్ళ ఋతువుకు రెండు విధాల కారణాలను వేరుచేసి చూపినాడు. ఒకటి దూరకారణం: ఏ కాలంలో పుట్టిన పిల్లలు ఎక్కువగా బ్రతుకుతవో ఆ కాలాన్ని తరతరాలుగా ప్రకృతి ఎన్నుకొంటుంది. రెండవది సమీపకారణం: పగటి నిడివి, వాన, నీటిమట్టం వంటి సూచనలు పక్షి శరీరాన్ని గూటికి సిద్ధం చేస్తవి. దూరకారణాలలో పిల్లల ఆహారమే ముఖ్యమని డేవిడ్ లాక్ 1954లో వెలువడిన తన గ్రంథంలో వాదించినాడు. ఈ దృష్టితో చూచినవారికి పంచాంగం కంటె చేపల లెక్క ముఖ్యం. మధ్యధరా సముద్రపు దీవులలో ఎలియొనోరా డేగ అని ఒకటున్నది. తక్కిన పక్షుల పిల్లలు ఎగిరిపోయే జూలై, ఆగస్టు నెలలలో అది గుడ్లు పెడుతుంది. శరదృతువులో ఐరోపా నుండి ఆఫ్రికాకు పోయే చిన్న పక్షుల గుంపులు ఆ దీవుల మీదుగా సాగుతవి. వాటిని పట్టి అది పిల్లలకు పెడుతుంది. పంచాంగం ప్రకారం అది ఆలస్యం. దాని వేట ప్రకారం సరిగా వేళకు.

ఎర్రకాళ్ళ కొంగకు ఈ సూత్రం ఎట్లా వర్తిస్తుందో తెలుసుకొనుటకు దాని దగ్గరి బంధువైన అమెరికా అడవి కొంగపై జరిగిన పని తోడ్పడుతుంది. ఈ కొంగలు చేపను కంటితో వెతకవు. ముక్కు కొంచెం తెరిచి, నీటిలో ఉంచి నడుస్తవి. చేప తగిలిన తక్షణం ముక్కు మూసుకొంటుంది. అడవి కొంగ విషయంలో ఆ మూత సెకనులో నలభయ్యవ వంతు కాలంలో పడుతుందని కాల్, పీకాక్ అనే పరిశోధకులు 1963లో కొలిచినారు. ఇటువంటి వేటకు నీరు విస్తారంగా ఉంటే లాభం లేదు. నీరు తగ్గి, చేపలు మడుగులలో ఇరుకుపడినప్పుడే పని సులభం. ఫ్లారిడాలో ఆ కొంగ నీరు తగ్గేటప్పుడే గూడు కడుతుందని కాల్ చూపినాడు.

ఉద్దానం తీరంలో అక్టోబరు, నవంబరు వానలు ఆగిన పిమ్మట జనవరి నుండి చెరువులు, మడుగులు తగ్గుముఖం పడతవి. నవంబరులో పెట్టిన గుడ్డు సుమారు ముప్పై రోజులకు పిల్ల అయితే, ఆ పిల్లకు ఆకలి ఎక్కువయ్యే రోజులు సరిగా ఆ కాలంలోనే పడతవి. ఇదే జాతి కొంగ ఢిల్లీ జంతుప్రదర్శనశాల చెరువులో, పంజరాలలో కాక స్వేచ్ఛగా, 1960 నుండి గూళ్ళు కడుతున్నది. అక్కడ ఆగస్టు ప్రాంతంలోనే మొదలుపెడుతుంది. అక్కడి వాన జూలైలో ముమ్మరమై సెప్టెంబరుకు తగ్గుతుంది. ఒకే జాతి రెండు చోట్ల రెండు నెలలు ఎన్నుకొన్నప్పుడు, ఏదో ఒకటి ఆలస్యమనుట సరికాదు.

తుఫానుల సంగతి కూడ కొందరు చెబుతారు. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాలపురం దగ్గర, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖపట్నం దగ్గర, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస ప్రాంతాన తీరం దాటినవి. తిత్లీకి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమైనవి. తేలినీలాపురంలోనూ చెట్లు కూలినవి. ముందుగా గుడ్డు పెట్టిన పక్షి ఆ గాలికి గూడు పోగొట్టుకొంటుంది, ఆగినది బ్రతికిపోతుంది అన్న వాదం వినసొంపుగా ఉన్నది. కాని మూడు తుఫానులను బట్టి ఒక జాతి అలవాటును నిర్ణయించరాదు. తరతరాల ఎన్నికకు అంత తక్కువ సాక్ష్యం చాలదు.

ఇంతవరకు చెప్పినది చదివి, ఆలస్యమన్న మాటే అక్కరలేదని తోసిపుచ్చితే అది మరొక పొరపాటు. ఒక జాతికి తన సొంత కాలం ఉన్నప్పుడు, ఆ కాలాన్ని బట్టి నిజంగానే కొన్ని గూళ్ళు ఆలస్యం కాగలవు. ఆక్స్‌ఫర్డు సమీపాన వైథమ్ అడవిలో 1947 నుండి ఒక చిన్న పక్షి గూళ్ళ తేదీలు ఏటా రాస్తున్నారు. ఆలస్యంగా పుట్టిన పిల్లలు తక్కువగా బ్రతుకుతవని క్రిస్టఫర్ పెరిన్స్ అక్కడ కనుగొన్నాడు. మరి ముందే గుడ్లు పెట్టవచ్చును గదా అన్న ప్రశ్నకు 1970లో ఆయన ఇచ్చిన సమాధానం ఆసక్తికరం: గుడ్డు తయారుకావడానికి తల్లికి మేత కావాలి, ఆ మేత దొరకనిదే అది తొందరపడలేదు. నాలుగైదు కిలోల బరువుండే గూడబాతు విషయంలో ఈ మాట మరింత ఆలోచింపదగినది.

ఫ్లారిడా అనుభవం ఇంకా గట్టిది. అక్కడి ఎవర్‌గ్లేడ్స్ చిత్తడిలో అడవి కొంగలు పూర్వం నవంబరు, డిసెంబరులలో గూళ్ళు మొదలుపెట్టేవి. కాలువలు తవ్వి, కట్టలు వేసి నీటిని మళ్ళించిన తరువాత ఆ మొదలు ఫిబ్రవరి, మార్చికి జరిగినది. పిల్లలు గూటిలో ఉండగానే వేసవి వానలు పడి, చేపలు చెదరిపోయి, తల్లిదండ్రులు గూళ్ళు వదలివేయడం జరిగినది. చిత్తడి చెడిందన్న సంగతిని ఆ కొంగల తేదీలు స్పష్టంగా చూపినవి. నేడు అక్కడ చిత్తడిని బాగుచేసే పనిలో గూళ్ళు మళ్ళీ ముందుకు జరిగినవా లేదా అన్నది ఒక కొలమానం.

తేలినీలాపురాన్ని గూర్చిన రాతలలో పెద్ద లోపం ఇక్కడనే ఉన్నది. వాటిలో వందలు, వేలు అని పక్షుల సంఖ్య ఉంటుంది, తేదీ ఉండదు. ఎన్ని వచ్చినవో చెబుతారు, మొదటి పుల్ల ఏనాడు పడిందో చెప్పరు. 1946లో పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు గ్రామంలో గూడబాతుల గూళ్ళను కనుగొన్న కె. కె. నీలకంఠన్ 1949లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం పత్రికలో దాన్ని గూర్చి సవివరంగా రాసినారు. తరువాతి దశాబ్దాలలో ఆరేడు గూళ్ళు లేకుండా పోయినవి. అక్కడ ఏమున్నదో ఈనాడు తెలుస్తున్నదంటే ఒక మనిషి ఓపికగా చూచి రాసిపెట్టడం వల్లనే.

2021 చివర, 2022 మొదట తేలినీలాపురంలో గూడబాతులు పెద్ద సంఖ్యలో చనిపోయినవి. నులిపురుగుల ఉధృతి కారణమని పరీక్షల పిమ్మట తెలిపినారు. అది గూళ్ళలో పిల్లలున్న కాలం. చచ్చిన పెద్ద పక్షి ఒకటి అని లెక్క రాస్తే చాలదు. ఆ పక్షి గూటిలో ఏ వయసు పిల్ల ఉన్నదో తెలిస్తేనే నష్టం ఎంతో తెలుస్తుంది. వారం వారం గూళ్ళ పట్టిక ఉన్న చోట ఆ లెక్క కష్టం కాదు.

పలాస, టెక్కలి పరిసరాల ఉన్నత పాఠశాలలకు ఇది సాధ్యమైన పని. కొన్ని చెట్లను ఎన్నుకొని అంకెలు వేయాలి. వారానికొకసారి, ఒకే చోట నిలబడి, దూరం నుండి ప్రతి చెట్టు మీద కట్టుతున్న గూళ్ళెన్ని, పక్షి కూర్చున్నవెన్ని, పిల్లలు కనబడేవెన్ని అని రాయాలి. అదే చోటు నుండి సెల్‌ఫోనుతో ఫొటో తీసి ఉంచితే సందేహాలు తీరుతవి. చెట్టెక్కుట, కింద గోల చేయుట పనికిరాదు. పెద్ద పక్షి లేచిపోతే గుడ్లను కాకి తన్నుకొని పోతుంది; ఎండ వేళ రెక్కల నీడ లేని కొంగపిల్లకు ప్రాణాపాయం.

లెక్క కూడ సులభమైనదే. ఎర్రకాళ్ళ కొంగకు పొదుగుడు సుమారు ఒక నెల, పిల్ల ఎగరడానికి సుమారు రెండు నెలలు. నవంబరు 1న పెట్టిన గుడ్డు జనవరి చివరికి గూడు దాటుతుంది. గూడబాతుకు పొదుగుడు ముప్పై నుండి ముప్పైమూడు రోజులు, ఆపైన పిల్ల గూటి దగ్గర మూడు నెలలకు తక్కువ కాకుండా ఉంటుంది. దాని గుడ్డు నవంబరు 1న పడితే మార్చి మొదటికి, జనవరి 15న పడితే మే నడిమికి. మేలో ఆ పిల్లకు తల్లి ఏ చెరువులో చేప పట్టవలెనో టెక్కలి చుట్టుపట్ల చెరువులు ఎండిన తీరు ఎరిగిన విద్యార్థులు తామే చెప్పగలరు.