లలితగీతము – రేడియో కదంబము

రేడియో లలితగీతమును గూర్చి మనలో ప్రచారమందున్న అభిప్రాయములు ప్రాయికముగా రెండు తెగలు. సంగీతజ్ఞులు దానిని రాగవిస్తారము లేని పొట్టి కృతిగా భావింతురు. సాహిత్య విమర్శకులు దానిని వరుస కట్టిన భావగీతముగా గ్రహింతురు. మొదటివారిది కచ్చేరి కొలబద్ద. రెండవవారిది అచ్చుపుస్తకపు కొలబద్ద. కాని ఆ గీతము పుట్టిన చోటు కచ్చేరియు గాదు, పుస్తకమును గాదు. వార్తలు, నాటిక, వాద్యగానము, హాస్యసంభాషణము ఒకదాని వెంట నొకటి సాగిన రేడియో సాయంకాలమది. ఆ సాయంకాలమును విడిచి గీతమును మాత్రమే తూచినచో తూకము తప్పునని నా ప్రతిపాదన.

చెన్నపురిలో 1924లో ఔత్సాహికుల రేడియో క్లబ్బు ప్రసారము లారంభించినది. అది ఆగిపోయిన పిదప 1930 నుండి నగరపాలక సంస్థ ఆ పనిని కొనసాగించినది. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మదరాసు కేంద్రము వెలసినది. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న ఏర్పడువరకు కోస్తా తెలుగువారికి మదరాసే ముఖ్యమైన వేదిక. ఆ వేదికను తమిళముతో పంచుకొనవలసి యుండెను. ఉన్న కొద్ది సమయమునందే పండితుని, పామరుని, గృహిణిని, విద్యార్థిని తృప్తిపరుపవలసి వచ్చినప్పుడు కదంబ కార్యక్రమము సహజ పరిణామమైనది. దానిని వినోదముకొరకు పుట్టిన చిల్లర ప్రక్రియగా తలచుట పొరపాటు.

గీతనిర్మాణమును మార్చిన సాధనములను గూడ గమనింపవలెను. నాటకశాలలో పద్యము చదువు నటుడు కడపటి వరుసకు వినబడునట్లు హెచ్చు శ్రుతిలో ఎలుగెత్తవలసి యుండెను. హార్మోనియము అతనికి అండ. మైక్రోఫోను ముందు ఆ శ్రమ అనవసరమైనది. చెవిదగ్గర చెప్పినట్లు పాడుటకు వీలు కలిగినది. మెల్లగా పలికిన మాటకు గౌరవము వచ్చినది. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియమును నిషేధించినది. స్థిరమైన మెట్లుగల ఆ వాద్యమున మన గమకములు పలుకవన్నది నిషేధమునకు చూపిన హేతువులలో నొకటి. నిషేధము న్యాయమా కాదా యన్నది వేరు చర్చ. ఫలితమేమనగా, గాయకునికి తోడుగా వీణ, వయొలిను, వేణువు వంటి వాద్యములు బృందముగా నిలిచినవి. పలువురు కలిసి వాయించునప్పుడు ఎవరి ఇచ్చ వచ్చినట్లు వారు పోరాదు. చరణమునకు చరణమునకు నడుమ వాద్యములు పలుకవలసినది ముందే నిర్ణయింపబడవలెను. కావున మనోధర్మమునకు తావు తగ్గి, కూర్పునకు ప్రాధాన్యము హెచ్చినది. ఇది కృతిని కుదించుట గాదు, వేరొక కట్టడము. 1941లో మదరాసు కేంద్రమున చేరిన బాలాంత్రపు రజనీకాంతరావు కవియు స్వరకర్తయు నగుటచే, మాటయు వరుసయు ఒకే చేతినుండి వెలువడు అవకాశము ఈ ప్రక్రియకు లభించినది.

ఇక గీతమునకు ఇరుగుపొరుగుల మాట. రావు బాలసరస్వతీదేవి, సాలూరు రాజేశ్వరరావులు పాడిన గ్రామఫోను పాటలు ఒంటరిగా నిలువగలవు. పలకకు ఒకవైపు సుమారు మూడు నిమిషముల కాలములో పాట తన లోకమును తానే సృష్టించుకొని, తానే ముగించుకొనవలెను. రేడియో గీతమట్లు గాదు. హాస్య సంభాషణము తరువాత వచ్చిన విరహగీతము ఒకటి. అదే గీతము కరుణరస నాటిక తరువాత వచ్చిన వేరొకటి. ఈ రెంటిని కలుపు సూత్రము ప్రకటనకర్త పలికిన ఒకటి రెండు వాక్యములు. మాలలో దారము కనబడనట్లు ఆ వాక్యములు ఎవరికిని జ్ఞప్తియందుండవు; కాని అవి లేనిచో కదంబము విడిపూలగును.

కదంబము కాకపోయినను, ప్రసారసమయము గీతార్థములో భాగమగుననుటకు 1947 ఆగస్టు 14–15 రాత్రి తార్కాణము. రజనీకాంతరావు రచించి స్వరపరచిన స్వాతంత్ర్యగీతమును టంగుటూరి సూర్యకుమారి గళమున మదరాసు కేంద్రము వినిపించినది. పుస్తకమునందు అది దేశభక్తి గీతములలో నొకటి. ఆ రాత్రి రేడియో చుట్టు చేరినవారికి అది వార్తయు, ఉత్సవమును.

ఈ ప్రక్రియయందు లోపములు లేవని నా వాదము గాదు. లాలిత్యమే లక్ష్యమైనపుడు పల్లెపాటలోని మోటుదనము, హాస్యములోని పదును వెనుకబడును. 1952 తరువాత కేంద్రమంత్రి బి.వి. కేస్కర్ కాలమున సినిమాపాటలను తగ్గించి, ఆ స్థానమున లలితగీతమును నిలుపబూనిరి. శ్రోతలు పెక్కుమంది రేడియో సిలోనువైపు మరలిరి. 1957 అక్టోబరు 3న వివిధభారతి ప్రారంభమై సినిమాపాటకు మరల చోటు లభించినది. దీనినిబట్టి లలితగీతము బలహీనమని తీర్పు చెప్పువారు కలరు. నాకట్లు తోచదు. కదంబములో ఒక పువ్వుగా నున్నంతకాలము గీతము ఎవరితోను పోటీ పడనక్కరలేదు. దానిని ప్రక్కవానినుండి వేరుచేసి, సినిమాపాటకు విరుగుడు మందుగా పోసినపుడు చేదైనది. మెత్తని గీతములు వరుసగా పావుగంట వినిపించినచో మెత్తదనమే విసుగగును. దోషము గీతములోకంటె దానిని నిలిపిన చోటులో ఎక్కువ.

నేడు మనకు మిగిలినవి గీతసంపుటములు, కొన్ని ధ్వనిముద్రణములు. ఆనాటి ప్రసారములు పెక్కు ప్రత్యక్షముగా జరిగి గాలిలో కలిసిపోయినవి. ప్రకటనకర్తల వాక్యములు, అంశముల క్రమము పోయిన తరువాత గీతము అనాథయైనది. ఆలిండియా రేడియో తెలుగు కార్యక్రమ పత్రిక ‘వాణి’ సంచికలలోని నిత్యపట్టికలను గీతపాఠములతో జతపరచి చదివినచో, ఏ పాట ఏ నాటికకు పొరుగున నుండెనో కొంతవరకైన తెలియగలదు. విశ్వవిద్యాలయ పరిశోధకులు చేయదగిన పని యిది. అది జరుగనంతవరకు లలితగీతముపై మనము చెప్పు తీర్పులన్నియు సగము సాక్ష్యముతో చెప్పినవే యగును.