కెమెరా కంట్లో మేం

భద్రత మాకూ కావాలి. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలితే చచ్చింది మేమే. ఆ తర్వాత పోలీసులు ఎత్తుకెళ్లిందీ మా పిల్లల్నే. నిర్దోషులని కోర్టులు చెప్పేసరికి చదువులూ పోయాయి, పనులూ పోయాయి.

2013 ప్రజాభద్రత చట్టం జనం గుమిగూడే చోట కెమెరా పెట్టమంది, దృశ్యాల్ని 30 రోజులు దాచమంది. మొహాలు పోల్చే యంత్రం ఊసు అందులో లేదు. అయినా 2018లో అది పోలీసుల ఫోన్లలోకి వచ్చేసింది. మొహమ్మీది మచ్చను కూడా పట్టే కెమెరా దొంగను పట్టిస్తే సంతోషమే. అనుమానితుల జాబితా రాసేది మాత్రం ఆ పాత చెయ్యే.

గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. సెక్యులర్ మిత్రులారా, మీకది పడగ్గది తలుపు కావచ్చు. మాకు గల్లీ మలుపులో ధీమాగా చాయ్ తాగడం. 2021 లాక్‌డౌన్‌లో పాతబస్తీలో ఒకాయన్ని ఆపి, మాస్కు తీయమని ఫోటో తీశారు. ఆయన హైకోర్టుకెక్కాడు, 2022 జనవరిలో ప్రభుత్వానికి నోటీసు వెళ్లింది. మేం అడిగేదీ అంతే: ఏ చట్టం కింద తీశారు? ఎవరి మొహం పక్కన పెట్టి చూస్తున్నారు?