తన దారిని తానే వదిలిన మనిషి

మేం ఇంటర్‌లో చదువుకున్న ఆవర్తన పట్టికలో చివరి వరుస సగంలోనే ఆగిపోయేది. ఇప్పటి పిల్లల పుస్తకాల్లో అది నిండిపోయింది. ఆఖరి గడిలో 118వ మూలకం, ఒగానెస్సాన్. రష్యాలోని దుబ్నాలో జీవితమంతా భార అయాన్లతో గడిపిన యూరీ ఒగానెస్యాన్ పేరు దానికి 2016లో పెట్టారు. బతికుండగా ఆ గౌరవం దక్కింది ఇద్దరికే. మొదట అమెరికా రసాయన శాస్త్రవేత్త సీబోర్గ్‌కు, తర్వాత ఈయనకు.

ఎవరు పొగిడినా ఆ గడి గురించే చెబుతారు. నాకు మాత్రం ఆయన వదులుకున్న పనే పెద్దగా కనిపిస్తుంది.

కొత్త మూలకం కావాలంటే ఒక కేంద్రకాన్ని ఇంకోదానికేసి కొట్టాలి. మెల్లగా కొడితే అతుక్కోవు. గట్టిగా కొడితే పుట్టింది ఆ వేడికే చీలిపోతుంది. సీసం, బిస్మత్‌ల మీదికి క్రోమియం లాంటి అయాన్లను వదిలితే ఆ వేడి బాగా తగ్గుతుందని 1974 ప్రాంతంలో ఒగానెస్యాన్ చూపించారు. అదే కోల్డ్ ఫ్యూజన్. (1989లో గాజు పాత్రలో జరిగిందంటూ గోల చేసిన కోల్డ్ ఫ్యూజన్ వేరు. రెంటికీ ముడిపెట్టకండి.) ఆ పద్ధతితోనే జర్మనీలో డార్మ్‌స్టాట్ వాళ్లు 107 నుంచి 112 దాకా సృష్టించారు. పద్ధతి ఈయనది, పేరు వాళ్లది.

అయినా ఆయన దాన్ని పట్టుకుని వేలాడలేదు. పైకి పోయేకొద్దీ అది అడుగంటుతుందని గ్రహించారు. అది ఎంత నిజమో తర్వాత జపాన్‌లో తేలింది. అదే దారిలో 113 కోసం రైకెన్ పరిశోధన సంస్థ వాళ్లు ఏళ్ల తరబడి కాచుకుంటే 2004లో ఒకటి, 2005లో ఒకటి, మళ్లీ 2012లో ఒకటి, మొత్తం మూడే పరమాణువులు చిక్కాయి.

ఆయన కాల్షియం-48 వైపు మళ్లారు. 20 ప్రోటాన్లకు 28 న్యూట్రాన్లున్న అయాన్ అది. సహజ కాల్షియంలో 0.2 శాతం కూడా ఉండదు కాబట్టి ఖరీదు సంగతి చెప్పనక్కర్లేదు. ఇక దాన్ని దేనికేసి కొట్టాలో ఆ సరుకు సంపాదించడం మరో పురాణం. 117 కోసం అమెరికాలోని ఓక్‌రిడ్జ్ ప్రయోగశాల 22 మిల్లీగ్రాముల బెర్కీలియం ఇచ్చింది. ఏడాది తిరిగేలోగా సగం క్షీణించిపోయే సరుకు! కాగితాలు సరిగ్గా లేవని మాస్కో కస్టమ్స్ వాళ్లు దాన్ని రెండుసార్లు తిప్పి పంపారు. అట్లాంటిక్‌ను ఐదుసార్లు దాటింది. చివరికి దక్కిన పరమాణువులు ఆరు.

114 నుంచి 118 దాకా కాల్షియమే గెలిపించింది. ఇప్పుడు ఆ దారీ మూసుకుపోయింది. 119, 120లకు కావలసిన ఐన్‌స్టీనియం, ఫెర్మియం సరిపడా దొరకవు. అందుకే కాల్షియం కన్నా బరువైన అయాన్లు పనికొస్తాయో లేదో చూడటానికి 2023లో, ఒగానెస్యాన్‌కు తొంభై నిండిన ఏడాది, దుబ్నాలో యురేనియం మీదికి మళ్లీ క్రోమియాన్నే వదిలి 116ను రాబట్టారు.