ఆ ఆరు ఎవరిది?

మొన్న మా ఇంట్లో పనిచేసే ఆమెని వెంటబెట్టుకుని కోకాపేటలోనే ఒక నొప్పుల క్లినిక్కుకి వెళ్లాను. ఏడాదిన్నరగా ఆమెకి నడుంనొప్పి. డాక్టరుగారికి తెలుగు రాదు, ఆమెకి హిందీ అంతంతమాత్రం. దుబాసీ పని నా మీద పడింది.

నొప్పి ఎలా ఉంటుందని అడిగితే, "పొద్దుగాల లేస్తే పట్టేసుకుంటదమ్మా. బోళ్లు తోమంగ తోమంగ సలుపుతది. రాత్రయితే కాలు పొడుగునా గుంజుతది, పిక్కల్ల సూదులు పెట్టి పొడిచినట్టు" అంది. నేను "లోయర్ బ్యాక్ పెయిన్, కాల్లోకి కూడా" అన్నాను. ఆయన రాసుకున్నాడు. సున్నా నుంచి పది దాకా ఎంత? ఆమె నా మొహం చూసింది. "పని బందు పెట్టేటంత కాదమ్మా." నేను ఆరు అని చెప్పాను.

ఆ ఆరు ఎవరిది? ఇంటికొచ్చి ఆ కాగితాన్ని కథని చదివినట్టే చదివాను. కథ చెప్పింది ఆమె, రాసింది ఆయన, మధ్యలో కత్తిరించింది నేను. పట్టేయడం, సలపడం, గుంజడం, పొడవడం, నాలుగూ 'పెయిన్' అయిపోయాయి. ఇది భాష మీద మమకారంతో అంటున్న మాట కాదు. పొద్దున పట్టేసి కదిలేకొద్దీ వదిలే నొప్పికీ, పని చేసేకొద్దీ పెరిగే నొప్పికీ కారణాలు వేరు కావచ్చు. కాలి పొడుగునా గుంజి పొడిచేది నరానిది కావచ్చు. రోగనిర్ణయం సగం ఆ క్రియాపదాల్లోనే ఉంది. 1975లో రోనాల్డ్ మెల్జాక్ తయారుచేసిన మెక్‌గిల్ ప్రశ్నావళిలో నొప్పికి 78 మాటలున్నాయి, 20 గుంపులుగా. తలనొప్పిని చెప్పడానికి ఇంగ్లీషులో మాటలు లేవని 1926లో వర్జీనియా వూల్ఫ్ వాపోయింది. మా ఆమెకి మాటల కరువు లేదు. కరువల్లా వినేవాళ్లకే, అందులో మొదటిదాన్ని నేను. నొప్పి ఉందని మనిషి చెబితే ఆ మాటని గౌరవించాలని అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో తన నిర్వచనం కిందే రాసుకుంది. ఆ మాట డాక్టరు దాకా చేరితే కదా!

ఇక 'వృత్తి' అన్న గడి. "ఇంటి పని" అని తేల్చేశాను. నాలుగు ఫ్లాట్లని చెప్పలేదు. గొంతుక్కూచుని మూడు పడగ్గదుల ఇల్లు రోజూ తుడుస్తుందనీ, ఆ ఇల్లు మాదేననీ అసలే చెప్పలేదు. ఎకరం వంద కోట్లు దాటి 2023లో వేలం పోయిన నేల ఇది. ఇక్కడి ఇళ్లలో కర్ర ఉన్న తుడుపుగుడ్డకి డబ్బుల్లేవా? 'చేతులతో తుడిస్తేనే శుభ్రం' అన్నది నేనే. వంగొద్దు, బరువులెత్తొద్దు, విశ్రాంతి తీసుకో అని డాక్టరు చెప్పాడు. అది అనువాదం చేస్తున్నప్పుడు ఆమె నా వంక చూడలేదు.

రెండు వారాలకి మళ్లీ రమ్మన్నారు. ఈసారి ఆమె చెబుతుంటే ఆమె మాటల్లోనే రాసి పెడుతున్నాను, ఎప్పుడు లేస్తుంది, ఏ ఇంట్లో ఎంతసేపు, ఎక్కడ ఏ నొప్పి మొదలవుతుంది. మా ఇంటి దగ్గరికి వచ్చేసరికి ఆగింది.

"అది రాయకమ్మా" అంది.

రాశాను.