ఒక్క మాటలో జవాబు

సెబాస్టియన్ హాఫ్నర్ పుస్తకానికి ఇంగ్లీషులో పెట్టిన పేరు నాకు నచ్చలేదు. ‘డిఫైయింగ్ హిట్లర్’ అన్న పేరు చూస్తే ఏ రహస్య ముద్రణాలయం గురించో, బాంబు పెట్టిన వీరుడి గురించో చదవబోతున్నాం అనుకుంటాం. అలాంటిదేమీ ఇందులో లేదు. హాఫ్నర్ హిట్లర్‌ని ఎదిరించలేదు. ఎదిరించానని చెప్పుకోనూ లేదు. జర్మన్ మూలానికి ఉన్న పేరు ‘ఒక జర్మన్ కథ’. అదీ సరైన పేరు. ఎదిరించాల్సిన చోట ఎదిరించని మంచివాళ్ళ లోపల ఏం జరుగుతుందో చెప్పే పుస్తకం ఇది. అలాంటి పుస్తకాలు అరుదు. ఎందుకంటే అవి రాయాల్సినవాళ్ళు సాధారణంగా రాయరు.

రచయిత అసలు పేరు రైముండ్ ప్రెట్సెల్. 1907లో బెర్లిన్‌లో పుట్టాడు. తండ్రి ప్రష్యా ప్రభుత్వోద్యోగి. లా చదివి కోర్టులో శిక్షణ పొందుతున్న రోజుల్లో నాజీలు అధికారంలోకి వచ్చారు. అతను యూదుడు కాడు, పెళ్ళి చేసుకోబోయే ఆవిడ యూదు. 1938లో ఇంగ్లండు చేరాడు. 1939లో ఈ జ్ఞాపకాలు మొదలుపెట్టి, యుద్ధం రాగానే సగంలో ఆపేసి, నాజీ జర్మనీని బ్రిటిష్ వాళ్ళకి వివరించే మరో పుస్తకానికి మళ్ళాడు. జర్మనీలో ఉన్న తనవాళ్ళకి ముప్పు రాకుండా బాఖ్ పేరులోంచి సెబాస్టియన్‌నీ, మొజార్ట్ సింఫనీ పేరులోంచి హాఫ్నర్‌నీ తెచ్చుకుని కలం పేరు పెట్టుకున్నాడు. 1999లో అతను పోయాక ఈ కాగితాలు 2000లో అచ్చయ్యాయి. 2002లో కొడుకు ఆలివర్ ప్రెట్సెల్ ఇంగ్లీషులోకి తెచ్చాడు.

ఈ తేదీలన్నిటిలో ముఖ్యమైనది 1939. యుద్ధం ఎలా ముగుస్తుందో, ఆష్‌విట్జ్ అనే ఊరి పేరు ముందుముందు దేనికి గుర్తుగా మిగులుతుందో రాసేవాడికి తెలియదు. అయినా నాజీల గురించి అతను చెప్పిన మాటలు ఎంత సూటిగా ఉన్నాయంటే, ఇది తర్వాతెప్పుడో తిరగరాసి ఉంటాడని కొందరు అనుమానించారు. చివరికి కాగితాలనీ రాతనీ పరీక్ష చేసి పాతవేనని తేల్చాల్సి వచ్చింది. ఆ అనుమానం వెనక ఒక ఊహ ఉంది: ఆ రోజుల్లో అంత స్పష్టంగా ఎవరికీ కనపడి ఉండదు అని. యుద్ధం తర్వాత చాలామంది జర్మన్లు చెప్పుకున్న మాట కూడా అదే, మాకు తెలియదు అని. 1933లో పాతికేళ్ళ మామూలు కుర్రాడికి ఎంత కనపడిందో ఈ పుస్తకం చూపిస్తుంది. చాలానే కనపడింది.

మొదటి భాగం హాఫ్నర్ బాల్యం, యవ్వనం. అందులో 1923 నాటి ద్రవ్యోల్బణం గురించి రాసిన పేజీలు మరిచిపోలేనివి. ఆ ఏడాది నవంబరుకి ఒక డాలరు 4.2 లక్షల కోట్ల మార్కులైంది. నాన్న జీతం రాగానే రైలు పాసూ, అద్దె, బడి ఫీజులూ కట్టేసి, మర్నాడు తెల్లవారకముందే ఇంటిల్లిపాదీ టోకు బజారుకి పరిగెత్తి మిగిలిన డబ్బంతా పాడవని తిండి సరుకుల మీద పెట్టేయడం. గంటలో నెల జీతం అయిపోయేది. మిగిలిన నెలంతా చేతిలో డబ్బు లేదు. నిజాయితీగా దాచుకున్నవాడు వెర్రివాడైన కాలం అది. తర్వాత పదేళ్ళకి జరిగినదానికి నేల అక్కడే సిద్ధమైందంటాడు హాఫ్నర్.

పుస్తకానికి గుండెకాయ మాత్రం 1933 మార్చి 31న బెర్లిన్ హైకోర్టు గ్రంథాలయంలో జరిగిన సంఘటన. సాన్సూసీ దగ్గరి మిల్లు యజమాని ఒకడు సాక్షాత్తూ ఫ్రెడరిక్ మహారాజుతోనే, బెర్లిన్‌లో ఇంకా కోర్టుంది ప్రభూ అన్నాడని ప్రష్యాలో కథ చెప్పుకుంటారు. ఆ కోర్టే ఇది. యువకులంతా కేసు కాగితాల్లో తలలు దూర్చి కూర్చున్నారు. బయట గోల. గోధుమరంగు చొక్కాల దళం వచ్చిందనీ, యూదుల్ని బయటికి తోసేస్తోందనీ ఎవరో చెప్పారు. ఒకరిద్దరు నవ్వారు. ఆ దళంలో ఒకడు హాఫ్నర్ బల్ల దగ్గరికొచ్చి, ఆర్యుడివా కాదా అని అడిగాడు. అవునన్నాడు. వాడు ముక్కు చూసి వెళ్ళిపోయాడు. అంతే.

ఆ అవును అబద్ధం కాదు. అదే అందులోని విషం. ఆ ప్రశ్న అడిగే హక్కు నీకు లేదని అనకుండా జవాబు చెప్పడంతో, తన కాగితాల ముందు ప్రశాంతంగా కూర్చునే హక్కుని తను కొనుక్కున్నాడనీ, దాని వెల ఏమిటో వాడు వెళ్ళిన మరుక్షణమే తెలిసిందనీ హాఫ్నర్ రాస్తాడు. సమర్థించుకోడు, గుండెలు బాదుకోడు. ఏం జరిగిందో చెప్పి ముందుకి వెళ్ళిపోతాడు.

ప్రజాస్వామ్యం కూలిన వైనాన్ని చరిత్ర పుస్తకాలు అంకెల్లో చెప్తాయి. 1933 మార్చి 5 ఎన్నికల్లో, అన్ని బెదిరింపుల మధ్యా, నాజీలకి వచ్చినవి 43.9 శాతం ఓట్లు. సగం పైన జనం వాళ్ళకి ఓటు వెయ్యలేదు. మార్చి 23న పార్లమెంటు 444–94 ఓట్లతో తన అధికారాన్ని తనే హిట్లర్ చేతిలో పెట్టింది. కమ్యూనిస్టు సభ్యుల్ని ముందే రానివ్వలేదు. వద్దన్న ఆ 94 మందీ సోషల్ డెమొక్రాట్లు. జులై 14కి నాజీ పార్టీ తప్ప మరో పార్టీ చట్టరీత్యా లేదు. ఓటెయ్యని ఆ సగం ఏమయ్యారన్న ప్రశ్నకి అంకెల్లో జవాబు లేదు. ఆ గ్రంథాలయంలో ఉంది. మూకుమ్మడిగా ఎవరూ లొంగలేదు. ఒక్కొక్కరే, ఎవరి బల్ల దగ్గర వాళ్ళు, నిజమే అయిన ఒక చిన్న జవాబు చెప్పారు.

రెండో మెట్టు ఆ ఏడాది శరత్తులో వస్తుంది. పరీక్షకి కూర్చోవాలంటే యువ న్యాయవాదులు యూటర్‌బోగ్ శిబిరానికి వెళ్ళాలి. స్వస్తిక పట్టీ కట్టుకుని కవాతు చెయ్యాలి. అంతకుముందు నాజీ జెండా వస్తే వందనం చెయ్యడం ఇష్టంలేక ఏదో ఒక ఇంటి గుమ్మంలోకి తప్పుకునేవాడు హాఫ్నర్. ఇప్పుడు జెండా వెనక తనే నడుస్తుంటే పల్లెల్లో జనం అలాగే గుమ్మాల్లోకి తప్పుకుంటున్నారు. శిబిరంలో ఎవరూ కొట్టరు. అందరూ స్నేహంగా ఉంటారు, కలిసి పాడతారు. ఆ స్నేహమే మనిషి బాధ్యతని మింగేస్తుందని రాసిన పేజీలు, నా ఉద్దేశంలో, పుస్తకంలోకెల్లా లోతైనవి.

ఇక నా పేచీలు. హాఫ్నర్‌కి జర్మన్ల స్వభావం గురించి తీర్పులివ్వడం ఇష్టం. వాళ్ళకి సొంత జీవితం ఎలా గడపాలో తెలియదనీ, 1924 తర్వాత వచ్చిన ప్రశాంతత వాళ్ళకి విసుగు పుట్టించిందనీ అంటాడు. ఇది ఉద్యోగస్థుల ఇంటి కుర్రాడి చూపు. 1932 మొదట్లో జర్మనీలో 60 లక్షల మందికి పని లేదు. పని పోయినవాడికి విసుగు అన్న మాట చెప్తే నవ్వుతాడు. కార్మికుల వీధులు ఈ పుస్తకంలో దూరంగా, కిటికీలోంచి కనపడతాయి. పైగా కథ 1933 దాటదు. నియంతృత్వం కింద పన్నెండేళ్ళ రోజువారీ బతుకు కావాలంటే డ్రెస్డెన్‌లో ఉండిపోయిన యూదు ప్రొఫెసర్ విక్టర్ క్లెంపరర్ డైరీలు చదవాలి. గ్రంథాలయం, టైపురైటరు, చివరికి పెంపుడు పిల్లీ ఒక్కొక్కటిగా ఎలా పోయాయో రోజు తప్పకుండా రాసుకున్నాడు. వెళ్ళిపోయినవాడికి ఆ చిట్టా దొరకదు.

అమెరికా పౌరసత్వం తీసుకున్న మనవాళ్ళకి ఒక విషయం గుర్తుండే ఉంటుంది. 2000లలో ఆ దరఖాస్తులో ఒక ప్రశ్న ఉండేది: 1933 మార్చి 23కీ 1945 మే 8కీ మధ్య నాజీ ప్రభుత్వంతో మీకేమైనా సంబంధం ఉండేదా అని. ఆ కాలానికి పుట్టనైనా పుట్టనివాళ్ళం నవ్వుకుని కాదని గీత పెట్టాం. నేనూ పెట్టాను. ఆ మొదటి తేదీ ఎక్కడిదో ఈ పుస్తకం చదివాక పట్టించుకున్నాను. 444–94 రోజు అది. జవాబు సులువు. కాని ఎవరు ఏ గీత పెడితే ఎవరికి ఏం దక్కుతుందన్న ప్రశ్న అంత సులువు కాదు.

వలస సాహిత్యం అనగానే మనం ఊరి మీద బెంగ గురించి మాట్లాడుకుంటాం. హాఫ్నర్‌కీ బెంగ ఉంది, బెర్లిన్ మీదా తన భాష మీదా. అయితే వదిలొచ్చిన దేశాన్ని దూరంనుంచి ముద్దు చెయ్యడానికి కాకుండా, అక్కడ తనేం చేశాడో అడగడానికి ఆ దూరాన్ని వాడుకున్నాడు. మన సంకలనాల్లో ఆ రకం రాత తక్కువ. పుస్తకం పెద్దది కాదు, అనువాదం హాయిగా చదివిస్తుంది. అట్ట మీది పేరు మాత్రం నమ్మకండి.